పుణ్యానికి పుట్టెడు, కొలతకు పిచ్చకుంచం

పుణ్యానికి పుట్టెడు ఇస్తే పిచ్చకుంచమని పోట్లాడాడట వెనకటికి ఒకడు. ఊరికే వచ్చిన ధాన్యానికి కొలత తగ్గిందని గొడవకు దిగేవాణ్ణి వెక్కిరించడానికి పెద్దలు కట్టిన సామెత. పాపం, వాళ్ళకు ఒకటి తట్టలేదు. ముందు ముందు ఇచ్చినవాడే కుంచం పట్టుకుని పుచ్చుకున్నవాడి గడప తొక్కుతాడనీ, 'నేనిచ్చిన పుట్టెడు తిని నువ్వెంత ఒళ్ళు చేశావో చూడాలి, ఏదీ చెయ్యి చాపు' అంటాడనీ ఊహించలేకపోయారు. అలాంటివాళ్ళు ఇప్పుడు చెన్నై వీధుల్లో తిరుగుతున్నారు. చేతిలో కుంచానికి బదులు ట్యాబ్ ఉంటుంది. కొలతకు 'ఇంపాక్ట్ అసెస్‌మెంట్' అని పేరు.

మొన్నామధ్య ఉత్తర చెన్నైలో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు పుస్తకాలు పంచారు. పంచిన సంస్థ పేరు చెప్పను. పేరు కోసం పడాల్సిన పాట్లన్నీ వాళ్ళే పడ్డారు, మధ్యలో నా సాయమెందుకు? పిల్లల్లో సగంమంది తెలుగిళ్ళవాళ్ళు కాబట్టి నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడమని నన్ను పిలిచారు. పదింటికన్నది పన్నెండుకు మొదలైంది. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు రెండు గంటలపాటు బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు. వెనక ఫ్లెక్సీ. అందులో దాతల బొమ్మలు ఆరు, పుస్తకం బొమ్మ ఒకటి. ఆ ఒక్కటీ మూసే ఉంది.

పిల్లకొక సంచి. సంచిలో మూడు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు, ఒక స్టిక్కరు, అమ్మానాన్నల కోసం ఒక కరపత్రం. సంచి మీద సంస్థ పేరు ఎంత పెద్దదంటే, లోపలి మూడు పుస్తకాల పేర్లూ కలిపి రాసినా అంత జాగా పట్టదు. 'అందరూ సంచి పైకెత్తండి, నవ్వండి' అన్నాడు ఫొటో తీసే ఆయన. ముందు వరసలో ఒక పిల్ల సంచి ఎత్తకుండా అందులో చెయ్యి పెట్టి, పుస్తకం బయటికి తీసి, తెరిచింది. 'పాపా, ఇప్పుడు కాదు, మూసెయ్. పుస్తకం అడ్డమొచ్చి మొహం పడట్లేదు' అన్నాడాయన. ఆ ఉదయం మొత్తానికి చదవడానికి జరిగిన ప్రయత్నం అదొక్కటే. దాన్ని అక్కడికక్కడే అణిచేశారు.

కరపత్రం ఇంటికి తెచ్చుకుని చదివాను. ఇంగ్లీషులో ఉంది. రాత్రి నిద్రపోయే ముందు ఇరవై నిమిషాలు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రశాంతమైన మూలలో, మెత్తటి దీపపు వెలుగులో చదివి వినిపించమని ఉంది. ఆ పిల్లల తల్లుల్లో చాలామంది తెల్లవారకముందే చీపురు పట్టుకుని పనికి వెళ్ళేవాళ్ళు. చెన్నై నగరాన్ని ఊడ్చే చేతుల్లో తెలుగు మాట మాట్లాడేవాళ్ళవి తక్కువేమీ కాదు. తరాల కిందట తెలుగు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు అవి. వాళ్ళ ఒంటిగది ఇళ్ళల్లో ఉన్న నాలుగు మూలల్లో ఒక మూల పొయ్యి, ఒక మూల నీళ్ళ బిందెలు, ఒక మూల మంచం, ఇంకో మూల ముసలామె. ప్రశాంతమైన మూల కోసం అయిదో మూల కట్టించుకోవాలి. దానికి గ్రాంటు ఏమైనా ఉందేమో కరపత్రంలో రాయలేదు.

ఇంతకీ ఈ కొలిచే కుంచం ఎక్కడిది? చట్టం ఇచ్చింది. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. దాన్నే సీఎస్ఆర్ అంటారు. బాగుంది. 2021 జనవరిలో నిబంధనలు మార్చి, ఏటా సగటున 10 కోట్లు, ఆ పైన ఇలా ఖర్చుపెట్టాల్సిన కంపెనీలు తమ కోటి రూపాయలు, అంతకు మించిన పథకాల ప్రభావాన్ని బయటివాళ్ళ చేత కొలిపించాలన్నారు. అదీ బాగుంది. ప్రజలకు లెక్క చెప్పడం మంచిదే. ఆ కొలత ఖర్చును సీఎస్ఆర్ పద్దులోనే రాసుకోవచ్చన్నారు. దానికి హద్దు ఎంత? 2022 సెప్టెంబరు సవరణ చెప్పింది: మొత్తం సీఎస్ఆర్ ఖర్చులో 2 శాతం, లేదా 50 లక్షలు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఏది తక్కువైతే అది కాదు సుమండీ, ఎక్కువైతే అది.

యాభై రూపాయల బొమ్మల పుస్తకం లెక్కన 50 లక్షలకు లక్ష పుస్తకాలు వస్తాయి. ఇంకోలా చూస్తే, సమగ్ర శిక్ష కింద ఒక ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి ఏడాదికి ఇచ్చే గ్రాంటు 5,000 రూపాయలు. అంటే పుస్తకం పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి చట్టం అనుమతించే సొమ్ముతో వెయ్యి బడులకు ఏడాదిపాటు పుస్తకాలు కొనవచ్చు. పుట్టెడు ధాన్యం కన్నా కుంచం ఖరీదు ఎక్కువైన కాలం మనది.

మూడు నెలలయ్యాక ఆ సంస్థ తరఫున ఒక కుర్రవాడు 'ఎండ్‌లైన్ సర్వే'కి బయల్దేరాడు. బుద్ధిమంతుడు. ఎండలో రోజుకు ఇన్ని ఇళ్ళని తిరగాలి. తమిళం వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు రాదు. అందుకని నన్ను తోడు రమ్మన్నారు. కొరుక్కుపేట వైపు ఒక సందులో, ఫొటోకు అడ్డంగా పుస్తకం తెరిచిన ఆ పిల్ల ఇంటికే వెళ్ళాం. తల్లి పనికి పోయింది. అవ్వ ఉంది.

"అవ్వా, మీ ఇంట్లో పుస్తకాలు ఎన్నున్నాయో చెప్పాలి" అన్నాను, ట్యాబ్‌లో ఉన్నది తెలుగు చేసి.

అవ్వ లోపలికి వెళ్ళి గూట్లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. చాప మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి పేర్చింది. "ఇది బ్యాంకు పుస్తకం నాయనా. ఇది గ్యాసు పుస్తకం. ఇది చీటీ పుస్తకం, ఇంకా ఏడు నెలలు కట్టాల. ఇది పాప టీకాల పుస్తకం. ఇదిగో, బళ్ళో ఇచ్చినవి ఈ మూడు."

కుర్రవాడు వేలితో లెక్కపెట్టాడు. ఏడు. కార్యక్రమానికి ముందు చేసిన సర్వేలో ఈ ఇంటి పేరు మీద సున్నా ఉంది. సున్నా నుంచి ఏడు! ట్యాబ్‌లో పచ్చటి గుర్తు వెలిగింది. ఇల్లంతా అక్షరాస్యత వాతావరణం అలుముకుంది. వాపును చూసి బలుపనుకోవడం అంటే మాటవరసకు అంటారనుకున్నాను, దానికి సాఫ్ట్‌వేర్ కూడా ఉందని ఆ రోజే తెలిసింది.

14వ ప్రశ్న దగ్గర బండి ఆగింది. 'బిడ్డకు పుస్తకం చదివి వినిపిస్తారా? రోజూ, వారానికోసారి, అప్పుడప్పుడు, ఎప్పుడూ లేదు.'

"నాకు చదవను యాడొస్తుంది నాయనా" అంది అవ్వ. "నేను చదవను. చెప్తాను."

"ఏం చెప్తావవ్వా?"

అవ్వ పుస్తకం అందుకుంది. రాత్రిపూట చెట్టు కింద ఒంటరిగా నిలబడ్డ ఏనుగు బొమ్మ. "ఇదిగో, ఈ ఏనుగు మావటోడి మీద అలిగి వచ్చేసింది. అన్నం తిననంది. చెట్టుకింద నిలబడి..."

"కాదవ్వా" అని పిల్ల అడ్డం వచ్చింది. "నిన్న వాళ్ళమ్మ మీద అలిగిందన్నావ్."

"నిన్న అమ్మ మీదే. ఈ పొద్దు మావటోడి మీద. దానికి రోజుకో కోపం. ముందు ఆ కింద ఏం రాసుండాదో చెప్పు, బడికి పోయేది నువ్వు గదా."

పిల్ల వేలు పెట్టి, పెదాలు కదిపి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని 'ఎలిఫెంట్' అంది. ఆ మాట పూర్తయ్యేసరికి అవ్వ మొహం చూడాలి. నాకు మాత్రం పక్కనున్న ట్యాబ్ మొహం కనబడింది. కుర్రవాడు 'ఎప్పుడూ లేదు' అన్న గడి నొక్కాడు.

"అయ్యో, చెప్తోంది కదా బాబూ. 'ఇతరములు' లాంటిది ఏమీ లేదా?" అన్నాను.

"ఆప్షన్ లేదు సార్. 14 నింపకపోతే 15కి పోనివ్వదు."

గ్యాసు పుస్తకాన్ని గ్రంథమని రాసుకున్న యంత్రం, మన కళ్ళ ముందే కథ పుట్టించిన అవ్వను సున్నా అని రాసుకుంది. ఆ సున్నాతో ఇప్పుడొక రిపోర్టు తయారవుతుంది. అందులో 'తల్లిదండ్రుల భాగస్వామ్యం ఆశించిన స్థాయిలో లేదు' అని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని సరిచెయ్యడానికి వచ్చే ఏడు మరో కరపత్రం వేస్తారు. అదీ ఇంగ్లీషులోనే.

కొలవడమే తప్పని నేననను. సరిగ్గా కొలిచినవాళ్ళూ లోకంలో ఉన్నారు. కాకపోతే వాళ్ళు చెప్పింది మన దాతలు వినడానికి ఇష్టపడరు. బ్రిటన్‌లో 1992లో బర్మింగ్‌హామ్‌లో 300 మంది పసిపిల్లలతో, ఇళ్ళకు ఉచితంగా పుస్తకాలిచ్చే 'బుక్‌స్టార్ట్' మొదలైంది. అమెరికాలో 1989లో బోస్టన్ డాక్టర్లు పిల్లల్ని పరీక్షకు తెచ్చిన తల్లుల చేతిలో పుస్తకం పెట్టి, ఎలా చూపించాలో రెండు మాటలు చెప్పి పంపడం మొదలుపెట్టారు. 1995లో గాయని డాలీ పార్టన్ తన సొంత జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డకూ అయిదేళ్ళు నిండేదాకా నెలకొక పుస్తకం బిడ్డ పేరు మీదే పోస్టులో పంపే పని పెట్టుకుంది. ఆవిడ తండ్రికి చదవడం, రాయడం రాదు. ఆ లోటు ఇంట్లో చూసి పెరిగిన మనిషి. ఈ మూడింటి మీదా వచ్చిన అధ్యయనాలను 2020లో గుదిగుచ్చి చూస్తే, ఇళ్ళల్లో చదివి వినిపించడం పెరిగిందనీ, పిల్లలకు మేలు జరిగిందనీ తేలింది.

మరి ఇదే ఉపాయం ఇంకోచోట బెడిసికొట్టింది. ఉత్తర ఐర్లండులో ఇతరుల ఇళ్ళల్లో పెరిగే పిల్లలకు నెలనెలా పుస్తకాలూ ఆటవస్తువులూ ఉన్న పెట్టెలు పంపి, చీటీలు వేసినట్టు కొందరికి ముందు ఇచ్చి కొందరికి తర్వాత ఇచ్చి పరీక్షించారు. 2016లో ఫలితం వచ్చింది. చదివే శక్తిలో గానీ, చదువు మీద ఇష్టంలో గానీ తేడా కనబడలేదు. మన పక్కనే కర్ణాటకలో అక్షర ఫౌండేషన్ వారి పాఠశాల గ్రంథాలయాలను ఇలాగే పరీక్షించి చూస్తే, 16 నెలల తర్వాత భాషా పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫిలిప్పీన్స్‌లో మాత్రం పుస్తకాలతోపాటు టీచర్లకు శిక్షణ ఇచ్చి, నెల రోజులపాటు రోజూ బళ్ళో చదువు పండుగలా నడిపితే పిల్లలు ముందుకెళ్ళారు. పెట్టె దించిపోతే చాలు, ఫలితం వచ్చి తీరుతుందని లేదు. పెట్టెతోపాటు మనిషి కూడా వచ్చి కూర్చుంటే వచ్చే అవకాశం ఎక్కువ. ఇంత చిన్న సంగతి కనుక్కోవడానికి ఇన్ని దేశాలు తిరగాల్సి వచ్చింది. మన అవ్వకు మాత్రం ఏనుగు బొమ్మ చూడగానే తెలిసింది.

కెన్యా కథ వినండి, అది అచ్చం మనదే. 1990లలో అక్కడ పల్లె బడులకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చి ఫలితం కొలిచారు. మొత్తం మీద పిల్లల మార్కుల్లో కదలిక లేదు. అప్పటికే ముందున్న పిల్లలకు మాత్రం ఉపయోగపడ్డాయి. కారణం వెతికితే, పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చాలామంది పిల్లలకు అది మూడో భాష. ఆ పరిశోధకుల్లో ఒకరైన మైకేల్ క్రెమర్ తర్వాత 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిసి నోబెల్ అందుకున్నారు. ఇలా చీటీలు వేసినట్టు పంచి కొలిచే పద్ధతికి పేరుపడ్డ జె-పాల్ సంస్థ దక్షిణాసియా శాఖ 2007లో పుట్టింది ఎక్కడో కాదు, ఇక్కడే, చెన్నైలో. కొలత విద్యకు పుట్టిల్లు లాంటి ఊళ్ళో కూర్చుని కెన్యా పాఠం చదవకుండా పుస్తకాలు పంచడం అంటే, తిరుపతిలో ఉండి గుడికి దారి అడగడమే.

కొరుక్కుపేట పిల్లకు ఇంగ్లీషు ఎన్నో భాష? ఇంట్లో తెలుగు. వీధిలో తమిళం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం బళ్ళో తమిళం తప్పనిసరి. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే, దాని మీద నాకు పేచీ లేదు. తమిళ పిల్లల కోసం ఇక్కడి ప్రభుత్వం 'వాసిప్పు ఇయక్కం' పేరుతో నుళై, నడ, ఓడు, పఱ అని మెట్లు కట్టి చిన్న చిన్న కథల పుస్తకాలు వేయించింది. లోపలికి రా, నడువు, పరుగెత్తు, ఎగురు. ఎంత చక్కటి వరస! మన దాతల వరస ఇంకోలా ఉంది: కూర్చో, సంచి ఎత్తు, నవ్వు, వెళ్ళు.

'తెలుగు పుస్తకాలు దొరకవండీ' అని ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ఎక్కడ దొరకవు? 1945లో న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రిక పెట్టింది మద్రాసులో. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' మొదలుపెట్టింది మద్రాసులో. వావిళ్ళవారు తెలుగువాళ్ళందరికీ పుస్తకాలు అచ్చువేసి పంపింది మద్రాసు నుంచి. సరే, అది పాత వైభవం, వదిలేయండి. ఈ రోజుకీ ఇదే ఊళ్ళో తూలిక ప్రచురణ సంస్థ ఒకే పుస్తకంలో తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన పెట్టి బొమ్మల కథలు వేస్తోంది. సికింద్రాబాదులో మంచి పుస్తకం వాళ్ళు పిల్లల పుస్తకాలు చవగ్గా వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో 2015 నుంచి కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగు పుస్తకం దొరకదంటే అర్థం ఒకటే: కొనుగోలు విభాగం ఆర్డరు ఇచ్చేముందు పిల్లల ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఎవరూ అడగలేదు. సర్వేలో 40 ప్రశ్నలు అడిగినవాళ్ళు కొనేముందు ఒక్క ప్రశ్న అడగలేకపోయారు.

ఇక బడికి చేరిన పుస్తకాల సంగతి. 1987లో 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' వచ్చిన నాటి నుంచి దేశంలో ప్రాథమిక బడులకు పుస్తకాలు వెళ్తూనే ఉన్నాయి. వెళ్ళి ఎక్కడ ఆగాయో బడికి వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. ఇనప బీరువా. తాళం హెడ్మాస్టరు దగ్గర. చినిగితే ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలని ఆయన భయం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారినీ అనలేం, చినిగిన పుస్తకానికి జీతంలో కోస్తారని ఆయన బెంగ. చివరికి ఆ పుస్తకాలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా శ్రద్ధగా, ఒక్క అక్షరం వదలకుండా పూర్తిచేసేవి చెదపురుగులు. ఏ సర్వేలోనూ వాటిని లెక్కించరు గానీ, ఈ దేశంలో పుస్తక పంపిణీకి నికరమైన లబ్ధిదారులు అవే.

ఈ బీరువా రోగానికి మందు ఈ ఊళ్ళోనే కనిపెట్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రంథపాలకుడిగా చేరిన ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. పుస్తకం ఉన్నది వాడకానికని మొదటి దాంట్లోనే తేల్చేశారు. తర్వాతి రెంటిలో చదివేవాడికి తగిన పుస్తకం, పుస్తకానికి తగిన చదువరి దొరకాలన్నారు. ఆయన పట్టుదల మీదే 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద నేటికీ ఆస్తి పన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. ఆ అవ్వ కట్టే అద్దెలో ఆ పన్నూ కలిసే ఉంటుంది. అంటే ఆమెకు పుస్తకం దానంగా ఇస్తున్నామనుకునేవాళ్ళు గుర్తుంచుకోవాలి, ఆమె ముందే డబ్బు కట్టేసింది.

ఈ రాష్ట్రంలో ఊరికే ఇవ్వడం కొత్త కాదు. 2006లో రంగుల టీవీలిచ్చారు. 2011 తర్వాత మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు ఇచ్చినప్పుడు 'ఉచితం' అనే మాట నామోషీ అని 'విలైయిల్లా' అన్నారు. వెలలేనివట! 2017లో డీఎంకే నాయకుడు స్టాలిన్ తనకు శాలువాలు, పూలగుత్తులు వద్దు, పుస్తకాలు ఇవ్వండన్నారు. వచ్చిన పుస్తకాలు గ్రంథాలయాలకు వెళ్ళాయి. శాలువా కన్నా పుస్తకం ఎంతో నయం, ఒప్పుకుంటాను. ఒక్క తేడా చూశారా? మిక్సీ ఇచ్చిన మూడు నెలలకు ఎవరూ ట్యాబ్ పట్టుకొచ్చి 'చట్నీ మెత్తగా వస్తోందా? వారానికెన్నిసార్లు?' అని అడగలేదు. ఆడవాళ్ళ చేతికిచ్చారు, వాళ్ళకు తెలుసని వదిలేశారు. పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఆ నమ్మకం పోతుంది.

నూరేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఒక తెలుగాయన పిల్లలకు ఇవ్వడమంటే ఏమిటో చేసి చూపించాడు. పిట్టి త్యాగరాయ చెట్టి. టి.నగర్ పేరులో ఉన్న 'టి' ఆయనే. 1920లో మద్రాసు కార్పొరేషన్ ఆయన అధ్యక్షతన థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించింది. పిల్లకు రోజుకు ఒక అణాకు మించకుండా ఖర్చు. గమనించాల్సింది ఒకటుంది. పిల్లల చేతికి బియ్యం సంచులిచ్చి, 'ఇంటికెళ్ళి ప్రశాంతమైన మూలలో వండుకోండి' అని కరపత్రం అంటించి, ఫొటో తీయించుకుని వెళ్ళిపోలేదు. వండారు. వడ్డించారు. తిన్నదాకా పక్కన నిలబడ్డారు. ఒకవేళ బియ్యం సంచులే ఇచ్చి మూడు నెలలకు పిల్లల బరువు తూచి, 'బియ్యం పనిచెయ్యదని రుజువైంది' అని రిపోర్టు రాసుంటే, ఇవాళ దేశంలో మధ్యాహ్న భోజనం ఉండేదా?

పుస్తకమూ బియ్యమే. ఎవరో ఒకరు వండి పెట్టాలి. పొయ్యి వెలిగించేది టీచరు కావచ్చు, అక్క కావచ్చు, చదవడం రాని అవ్వ కావచ్చు. అవ్వ ఏనుక్కి రోజుకో కోపం కల్పించి చేసింది ఆ వంటే. దాతలు పుట్టెడు పోసి, వంట సంగతి మరిచిపోయి, తిన్నదెంతో కొలవడానికి ఇంకో పుట్టెడు ఖర్చు పెడుతున్నారు.

కాబట్టి దాతలకూ, వాళ్ళ తరఫున కొలిచే పెద్దలకూ నాదొక మనవి. కొలవండి, మానొద్దు. కుంచాన్ని మాత్రం ఈసారి మీ వైపు తిప్పుకోండి. మీరు పంచిన పుస్తకం మీరు ఒక్కసారైనా చదివారా? పిల్లల ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కొనే ముందు కనుక్కున్నారా? మీ సంచి మీద మీ పేరు పుస్తకం పేరు కన్నా చిన్నదిగా ఉందా? పంచిన మర్నాడు మీలో ఎవరైనా ఆ బడికి వెళ్ళి, అరగంట నేల మీద కూర్చుని, ఒక్క కథ చదివారా? బీరువా తాళం తీయించి, 'చినిగితే చినగనివ్వండి, లెక్క మేం చెప్పుకుంటాం' అని హెడ్మాస్టరుకు కాగితం రాసిచ్చారా? చినిగిన పుస్తకాలు ఎన్నో లెక్కపెట్టి, ఎక్కువైతే సంతోషించారా? ఈ ఆరు ప్రశ్నలకు ట్యాబ్ అక్కర్లేదు, 50 లక్షలు అసలే అక్కర్లేదు.

పిల్లల ఇంటికి వెళ్ళే ఫారం మాత్రం మారక తప్పకపోతే, మొత్తం తిరగరాయకండి. 14వ ప్రశ్న కింద నాలుగు గడులున్నాయి. అయిదోది ఒకటి గీయండి. పక్కన రెండు మాటలు రాయండి: 'చదవను, చెప్తాను.'